ఫిల్టరు కడిగే ఇంటికే మోటారు

సూర్యాపేటలో కిటికీ ఏసీ పాడైతే జనం ముందు పర్వతాలుకే ఫోన్ చేస్తారు. చేశాక, ఎందుకు చేశామా అని కాసేపు అనుకుంటారు. ఆయనకు పని రాక కాదు, పని సాగినంతసేపూ మాట కూడా సాగుతుందని.

కిటికీలో కూర్చునే పెట్టె ఏసీ తప్ప ఇంకోటి ఆయన ముట్టుకోడు. ఇప్పుడు ఎక్కడ చూసినా గోడకు వేలాడే స్ప్లిట్ ఏసీలే కదా, అవి కూడా నేర్చుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"స్ప్లిట్ అంటే ఏందన్నా, తలకాయ ఇంట్ల, మొండెం మిద్దె మీద. గసోంటిదానికి ఏడ నాడి పట్టాలె? నా ఏసీ సూడు. సక్కగ ఒక్క దగ్గర కూసుంటది. మంచో చెడో మొకం మీదనే చెప్తది."

పనిలో ఆయన గురువు సాంసన్ అనే మేస్త్రి. మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఏసీలు చూసేవాడు. ఆ దుమ్ములో బతికిన ఏసీని బాగుచేసిన చెయ్యి దేన్నైనా బాగుచేస్తుందని పర్వతాలుకు గట్టి నమ్మకం. మాటలో గురువు మాత్రం కన్నతండ్రే. పెన్‌పహాడ్ చుట్టుపక్కల ఊళ్ళకు పెండ్లి సంబంధాలు చెప్పిన మనిషి ఆయన. పిల్లవాడి పేరు వింటే చాలు, వాళ్ళ తాత ఏ బావిలో ఈత నేర్చాడో, వాళ్ళ మేనత్తకు ఏ కూర పడదో కూడా చెప్పేవాడట. కొడుక్కి పొలం మిగల్లేదు. ఆ జ్ఞాపకశక్తి మిగిలింది. దాన్ని ఆయన ఏసీల మీద పెట్టాడు.

పర్వతాలు దుకాణంలో మూడు గోడలకూ ఇనుప అరలు. నడవని ఏసీల్లోంచి తీసిన మోటార్లు, కెపాసిటర్లు, థర్మోస్టాట్లు, స్విచ్చులు వాటి నిండా ఉంటాయి. ఏ ఒక్కదానికీ చీటీ ఉండదు. అన్నీ నోట్లోనే. ఇది ఫలానా డాక్టరు దవాఖానలో రోగులు కూర్చునే గదిలోది, పాపం చాలా దగ్గులు విన్నది. ఇది కోదాడ లాడ్జిది, రకరకాల మనుషులకు గాలి కొట్టింది, కొంచెం మొండి. ఇలా చెప్పి, విన్నవాళ్ళు సరే అంటేనే బిగిస్తాడు. చెప్పకుండా ఒక్క వస్తువు కూడా ఇంకో ఇంట్లో పెట్టడు.

"పిల్లనిస్తే ఇంటిపేరు చెప్పి ఇస్తమా లేదా?" అంటాడు.

"మీ అయ్య చెప్పిన సంబంధాలల్ల సగం, చెప్పుడెక్కువై చెడిపోయినయే," అంటుంది ఆయన భార్య సాలమ్మ.

సాలమ్మ కూడా దుకాణంలోనే కూర్చుంటుంది. ఏసీ లోపలి జాలీకి సన్నటి అల్యూమినియం రేకులు ఉంటాయి కదా, అవి వంగిపోతే గాలి ఆడదు. వాటిని చిన్న దువ్వెన లాంటి దానితో నిటారుగా దువ్వాలి. ఆ పనికి పర్వతాలుకు ఓపిక చాలదు. సాలమ్మ మాత్రం బడికి పోయే పిల్లకు జడ వేస్తున్నట్టు ఒద్దికగా దువ్వుతుంది. చిక్కు గట్టిగా ఉంటే "ఊకో, అయిపాయె, అయిపాయె" అని దానికే చెబుతుంది.

ఆయనతో ఊళ్ళు తిరిగితే మనుషులు ఎన్ని రకాలో తెలుస్తుంది. మిర్యాలగూడలో ఒకాయన ఏసీ నుంచి నీళ్ళు మంచం మీద కారుతున్నాయని పిలిచాడు. కిటికీ ఏసీని కొంచెం బయటికి వాల్చి పెట్టాలి, అప్పుడే నీళ్ళు బయటికి పోతాయి. ఇదేమో లోపలికి వాలి ఉంది. ఎవరు పెట్టారని అడిగితే, ఆయన తనే దగ్గరుండి పెట్టించానన్నాడు. ఆ గది నైరుతిలో ఉందట, నీళ్ళు నైరుతికి పారితే ఇంటికి అరిష్టమట, ఈశాన్యానికి పారాలట. అందుకని ఈశాన్యం వైపున్న తన మంచం మీదికే పారించుకుంటున్నాడు. పర్వతాలు చాలాసేపు ఆలోచించి, మంచాన్నే పక్కకు జరిపి, కింద బకెట్ పెట్టి వచ్చాడు. "నీళ్లు ఈశాన్యానికే పోతున్నయి, మనిషి పొడిగ ఉన్నడు, ఇంకేం కావాలె?" అన్నాడు నాతో.

ఇక కోదాడ సంగతి.

మే నెల. ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడే రోజులు. కోదాడ నుంచి సావిత్రి అనే ఆవిడ ఫోన్ చేసింది. ఆమె కూతురు మనీషా అక్కడే దవాఖానలో ఆడపిల్లను కన్నది. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి, మర్నాడు పొద్దున దవాఖాన నుంచి తల్లీబిడ్డా సావిత్రి ఇంటికే రావాలి. ఆ వచ్చేవాళ్ళకు పెట్టిన గదిలో ఏసీ గుర్రుమని ఆగిపోయింది. మనీషా ఫోన్‌లో ఖచ్చితంగా చెప్పేసింది. ఏసీ నడవకపోతే ఇటునుంచి ఇటే మఠంపల్లికి, అత్తగారింటికి పోతానని. అక్కడ స్ప్లిట్ ఏసీ ఉంది. అత్తగారు కారు కూడా సిద్ధంగా పెట్టిందట.

సావిత్రికి మొదటి మనవరాలు. పొత్తిగుడ్డలు ఉతికి ఆరేసింది, ఉయ్యాల కొక్కేనికి నూనె రాయించింది. పిల్ల గడప తొక్కకుండా వియ్యపురాలి కారెక్కి పోతే కోదాడలో తలెత్తుకోవడం ఎలా అన్నది ఆమె బాధ. కొత్త ఏసీ కొందామంటే, ఆ ఎండల్లో బిగించే మనుషులు వారం దాకా దొరకరని దుకాణాలవాళ్ళు చెప్పేశారు.

ఫోన్‌లో లక్షణాలు విని పర్వతాలు, పోయింది మోటారే అని తేల్చాడు. అరలోంచి ఒక మోటారు తీసి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఏసీని కిటికీలోంచి లాగడానికి రెండో మనిషి కావాలి. ఆయనతో తిరిగే నాగరాజు పెండ్లికి పోయాడు. అందుకని నేను బయలుదేరాను.

"ఈసారన్న నోరు మూసుకొని బిగించి రా," అంది సాలమ్మ గడపలోంచి. "పసిపిల్ల ముచ్చట."

"నేనేం మాట్లాడుతనే?" అన్నాడు పర్వతాలు.

సావిత్రి ఇంటి వరండాలో ఆమె భర్త గురవయ్య పేపర్ చదువుతున్నాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. జీవితమంతా "ముందుకు జరగండి" అని అరిచి అరిచి మాటలు అయిపోయినట్టు, మమ్మల్ని చూసి చేత్తోనే లోపలికి జరగమన్నాడు.

"ఏంటయ్యా పర్వతాలూ, ఇప్పుడా రావటం?" అంది సావిత్రి. చాలా ఏళ్ళుగా కోదాడలో ఉండటం వల్ల ఆమె మాటకు ఆంధ్రా ఇస్త్రీ పడింది. "సాయంత్రానికి నడవాలి. నడుస్తుందా లేదా, ఒక్క మాట చెప్పు."

"ఒక్క మాటల చెప్పుడు నాకు రాదక్కా," అని పర్వతాలు ఏసీ ముందు జాలీ ఊడదీశాడు.

తీసి, అలాగే నిలబడ్డాడు. నేనూ తొంగి చూశాను. గాలిని వడగట్టే ఫిల్టరు కనిపించలేదు. దాని మీద నీలం పూల గుడ్డ ఒకటి, నాలుగు మూలలా దారంతో చక్కగా కుట్టి ఉంది.

"ఇదేందక్కా?"

"ఫిల్టరుకు దుమ్ము పట్టకుండా వేశాను," అంది సావిత్రి. "మనం సోఫాలకు వెయ్యమూ? దుమ్మంతా గుడ్డకే పడుతుంది. ఫిల్టరు చూడు, కొత్తదానిలా ఉంది."

నిజంగానే కొత్తదానిలా ఉంది. మోటారే కాలిపోయింది. గుడ్డ అడ్డం పడితే గాలి ఆడదు. గాలి ఆడకపోతే లోపలి జాలీ మీద మంచు గడ్డ కడుతుంది. ఆ మంచుకు రాసుకుని గాలి తోసే చక్రం బిగుసుకుంది. అది తిరగక, తిప్పే మోటారు మాడింది. పర్వతాలు ఇదంతా చెప్పాడు, కానీ మెత్తగా చెప్పాడు.

"కిటికీ ఏసీల ఒక్కటే మోటరుంటదక్కా. దానికి రెండు దిక్కుల కడ్డీ. ముందట గదిలకు సల్లగాలి తోలాలె, ఎన్క ఎండలకు ఉడుకుగాలి తోలాలె. ఇంట్ల కోడలు లెక్క. దాని ముక్కు మీదనే నువ్వు గుడ్డ కట్టినవ్."

ఇద్దరం కలిసి ఏసీని డబ్బాలోంచి లాగి, పెరట్లో రేకుల కింద నవారు మంచం మీద పెట్టాం. కరెంటు తీగలున్న చోట ప్లాస్టిక్ సంచి కప్పి, పైపుతో నీళ్ళు కొట్టాడు. నల్లటి బురద కారింది. గురవయ్య పేపర్ మడిచి వచ్చి, ఆ బురద వంక ఆసక్తిగా చూస్తూ నిలబడ్డాడు. ఏసీ ఆరేలోపు పర్వతాలు సంచిలోంచి మోటారు తీశాడు. అరటిపండు తొక్క తీసినట్టు గుడ్డ విప్పాడు. సాలమ్మ మాట అక్కడే గుడ్డతో పాటు కింద పడింది.

"సూడక్కా. నీ ఏసీకి ఇదొక్కటే కుదుర్తది. ఇదే కంపెనీ, ఇదే ఏడాది. కడ్డీ కొలత ఇసుమంత తేడా లేదు. హైదరాబాద్ నుంచి వేరేది తెప్పియ్యాలంటే రెండు రోజులు, వచ్చినా పొట్టిగుంటది. ఇది అట్ల కాదు, మేనరికం లెక్క. మంచి ఇంట్ల పెరిగింది. మిర్యాలగూడ. ఆ ఇంటామె నెల నెల ఫిల్టర్ కడుగుతది. దసరకు ఏసీకి పసుపు కుంకుమ పెడ్తది. స్ప్లిట్ కొన్నంక దీన్ని నాకిచ్చేటప్పుడు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. 'ఫిల్టర్ కడగని ఇంటికి మాత్రం ఇయ్యకు పర్వతాలూ' అని మాట తీసుకున్నది. పేరు ఉమారాణి. పుట్టిల్లు ఆత్మకూర్. వాళ్లింట్ల ఈ ఏసీ నడిస్తే ఎండకాలం దుప్పటి కప్పుకుంటరంట."

మామూలుగా ఈ పాటికి వినేవాళ్ళ మొహం మెత్తబడుతుంది. సావిత్రి మొహం గట్టిపడుతూ వచ్చింది. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా బిగుసుకుంది.

"దాన్ని తీసుకెళ్ళి వాకిట్లో పెట్టు," అంది.

"అక్కా?"

"అది నా ఇంట్లో తిరగదు." అని లోపలికి వెళ్ళిపోయింది.

పర్వతాలు మోటారును చేతుల్లో పట్టుకుని నా వంక చూశాడు, నేను గురవయ్య వంక చూశాను. గురవయ్య గొంతు సవరించుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన మాట్లాడబోతున్నట్టు అనిపించింది.

"ఉమారాణి మా మరదలు," అన్నాడు. "ఈమె సొంత చెల్లెలు."

ఆ ఏసీలు రెండూ తోడల్లుళ్ళు ఇద్దరూ ఒకే దుకాణంలో ఒకేసారి కొన్నవట. మనీషా పెండ్లికి ఉమారాణి వచ్చి, ఈ గదిలోనే పడుకుంది. పొద్దున లేచి కొత్త వియ్యపురాలి ఎదురుగా, "మా ఇంట్ల ఏసీకి దుప్పటి కప్పుకోవాలె, మా అక్క ఇంట్ల ఏసీకి విసనకర్ర పట్టుకోవాలె" అంది. పదిమందీ నవ్వారు. ఆ నవ్వుల్లో వియ్యపురాలి నవ్వు అన్నిటికన్నా పెద్దది. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు.

"ఇప్పుడు దాని మోటారే ఈ ఏసీలో తిరిగితే, ఆ రోజు అది అన్నదే నిజమయినట్టు. ఈమె చావనన్నా చస్తుంది కానీ ఒప్పుకోదు," అని గురవయ్య మళ్ళీ పేపర్ విప్పాడు.

లోపల సావిత్రి ఫోన్ మోగింది. దవాఖాన నుంచి మనీషా. "అవుతోందిరా, చేస్తున్నారు," అంటోంది సావిత్రి. "కారు ఎందుకు, మీ నాన్న ఆటో తెస్తారు. అవుతుందని చెప్తున్నాగా. సాయంత్రం చెప్తా." ఫోన్ పెట్టాక ఆమె ఉయ్యాల దగ్గర నిలబడి దాన్ని ఊరికే ఒకసారి ఊపింది. ఉయ్యాల కిర్రుమనలేదు. నూనె బాగా పట్టినట్టుంది.

పర్వతాలు పెరటి మెట్టు మీద కూర్చున్నాడు. పక్కనే మోటారు, పిలవని పేరంటానికి వచ్చిన చుట్టం లాగా.

"చెప్పకుండ బిగిస్తే అయిపోయేది గద," అన్నాను మెల్లగా.

"చెప్పకుండ బిగిస్తే నేను పర్వతాలును ఎట్లయితా?" అన్నాడు. కాసేపు తల గోక్కున్నాడు. "మా అయ్య ఏం చేసెటోడో ఎరికేనా? సంబంధం కుదరకపోతే రెండు దిక్కులోళ్లను ఒక్క దగ్గర కూసోబెట్టెటోడు. తిట్టుకోనియ్యి అనెటోడు. కడుపుల ఉన్నదంత బయటపడితేనే అన్నం దిగుతది అనెటోడు. పైంగ ఉమక్కకు నేను మాటిచ్చి ఉంటి. గుడ్డ కట్టిన ఇంటికి ఇస్తున్న అని ఆమెకు చెప్పాలె గద."

ఫోన్ తీశాడు. స్పీకరు పెట్టి, గుమ్మానికి దగ్గరగా జరిగి మరీ కలిపాడు.

"ఉమక్కా, పర్వతాలును. సూర్యాపేట."

"ఏంది పర్వతాలూ, గింత ఎండల?"

"నీ మోటరుకు సంబంధమొచ్చిందక్కా."

"ఏ ఊరు?"

"కోదాడ."

"ఎసోంటోళ్లు?"

"మంచోళ్లే. ఆయన ఆర్టీసీల కండక్టర్ చేసి దిగిండు. రేపు పొద్దుగాల బాలింత, పసిపిల్ల ఇంటికొస్తున్నరు."

ఇవతల లోపలి గదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

"మనీషాకు పిల్ల పుట్టిందా?" అంది ఉమారాణి. ఆ గొంతులో ఇందాకటి బిగువు లేదు. "నాకెవ్వరు చెప్పలె. ఎవరి పోలిక?"

పర్వతాలుకు తెలియదు. గుమ్మం వంక చూశాడు. సావిత్రి గుమ్మంలో నిలబడి, గోడతో చెబుతున్నట్టు అంది: "ముక్కు మా వైపుదని చెప్పు."

"ముక్కు వాళ్ల దిక్కుదంటక్కా."

"అయితే పాపం," అంది ఉమారాణి.

గురవయ్య పేపర్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపర్ కదిలింది.

"సరే గని పర్వతాలూ, ఆ ఇంట్ల ఫిల్టర్ కడుగుతరా? నీకు ముందే చెప్పిన. దాని మీద నీలం పూల గుడ్డ ఉండి ఉండాలె. ఉన్నదా, తీసినవా?"

"తీసినక్కా," అని పర్వతాలు అనేలోపే సావిత్రి గడప దాటి వచ్చి ఫోన్ లాక్కుంది.

"నీకెట్ల తెలుసే?"

ఆ మాటకు ఇస్త్రీ పోయింది. అది అచ్చం ఆత్మకూర్ మాట.

"పెండ్లి నాడు సూసిన. గాలొస్తలేదని మూత తీసిన. అమ్మ చీర అది."

"సూసినదానివి తీసెయ్యొచ్చు గద."

"అమ్మ చీర నేనెట్ల తీస్త? నువ్వు కట్టినవ్, నువ్వే తియ్యాలె."

"అయితే నాతోని చెప్పు. వియ్యపురాలి ముందట విసనకర్ర ముచ్చట ఎందుకు?"

"నీతోని చెప్తే ఏనాడన్న విన్నవా? చిన్నప్పుడు ఎడ్లబండి పలుపు వదులయిందంటే విన్నవా? బండెడు మిరపకాయ వాగుల పడ్డది."

"ఆ పలుపు కట్టింది నువ్వే."

పర్వతాలు నా మోచెయ్యి పట్టుకుని గుంజాడు. "రా," అన్నాడు గుసగుసగా. "ఇది ఆగేలోపల బిగియ్యాలె. ఆగిందంటే మోటరు యాదికొస్తది."

అలాంటి తొందరలో పని చేయడం నేను ముందెన్నడూ చూడలేదు. కాలిన మోటారుకు వెనక ఉన్న రెక్కల మర తుప్పు పట్టి కదల్లేదు. కొబ్బరినూనె పోసి, సుత్తితో చిన్నగా తట్టి, వాడు వీడు అని తిట్టి, మొత్తానికి ఊడదీశాడు. పెరట్లో సావిత్రి ఫోన్ పట్టుకుని దండెం చుట్టూ తిరుగుతోంది. తగువు మిరపకాయల నుంచి నీలం పూల చీరకు వచ్చింది. అది అసలు అమ్మ ఎవరికి ఇస్తానన్నది అన్నది తేలాలి.

"నీకు పట్టుది వచ్చింది గద, ఈ నూలు చీర మీద కూడ కన్నేసినవా?" అంది సావిత్రి.

"పట్టుది నాకెక్కడ వచ్చింది? చిరుగు వచ్చింది. చిరిగింది నాకిచ్చి, మంచిది నువ్వు దాసుకున్నవ్."

"మంచిదైతే ఫిల్టరుకెందుకు కడ్తనే?"

ఆ ప్రశ్నకు అవతల ఉమారాణి నవ్వింది. ఇవతల సావిత్రికి కూడా నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది. తగువు మెత్తబడుతోంది. పర్వతాలు కంగారుగా తలెత్తాడు. ముందు చక్రం ఇంకా బిగించనే లేదు.

"సార్," అన్నాడు గురవయ్యతో, పళ్ళ సందుల్లోంచి. "జర నడిపియ్యి. సల్లారుతున్నది."

గురవయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత దండెం దగ్గరికి నడిచి, నిండు బస్సులో స్టేజీ పేరు చెప్పినట్టు పలికాడు.

"కడియాల సంగతి అడుగు."

సావిత్రి మొహం ఎర్రబడింది. "మంచిగ యాదికొచ్చింది. అవునే, కడియాలు ఏడ పెట్టినవ్?"

కడియాలు చాలాసేపు వచ్చాయి. వెండి కడియాలు, బరువైనవి. వాటి మీద పర్వతాలు ముందు చక్రం బిగించి, చేత్తో తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూశాడు. తీగలు కలపబోతుంటే మళ్ళీ జోరు తగ్గింది. ఈసారి చెప్పించుకోకుండానే గురవయ్య, "ఆ మామిడిచెట్టు," అని స్టేజీ మార్చాడు. ఆత్మకూర్‌లో పొలం గట్టు మీద మామిడిచెట్టు కాయలు ఒక ఏడాది ఎవరు పంపించలేదన్నది ఆ స్టేజీ. దాని మీద కెపాసిటర్ కూడా అయిపోయింది. ఏసీని ఇద్దరం మోసుకెళ్ళి డబ్బాలోకి తోసేసరికి పెండ్లిలో లడ్డూలు ఎవరెవరికి ఎన్ని అందాయో అన్న లెక్క నడుస్తోంది. అందులో గురవయ్య చెయ్యి ఏమీ లేదు. అది వాళ్ళంతట వాళ్ళే ఎక్కిన స్టేజీ.

పర్వతాలు ఏసీ బయటికి వాలుగా ఉందో లేదో వేలితో కొలిచి చూశాడు, ఫిల్టరు ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూశాడు. ముందు జాలీ తిరిగి పెట్టి స్విచ్ వేశాడు.

ముందు మోటారు తిరిగింది. తర్వాత కంప్రెషర్ ధబ్బున అందుకుంది. లైటు ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. గాలి వచ్చింది. ఆ గాలికి గోడ మీది క్యాలెండర్ లేచి, వచ్చే నెల చూపించింది.

సావిత్రి ఫోన్ చెవిలోనే పెట్టుకుని గదిలోకి వచ్చింది. ఆ చలి మొహానికి తగలగానే నడి మాటలో ఆగిపోయింది. పర్వతాలు చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. స్విచ్ కట్టేయమంటే కట్టేయడానికి సిద్ధంగా, కానీ స్విచ్‌కు అడ్డంగా.

"ఏంది, మాట్లాడవేంది?" అంది ఫోన్‌లో ఉమారాణి. తర్వాత, "నడుస్తున్నదా?"

సావిత్రి ఏసీ వంక చూసింది. ఉయ్యాల వంక చూసింది.

"నడుస్తున్నది," అంది.

"చప్పుడు చేస్తున్నదా?"

"లేదు."

"చెయ్యదు. మంచిది అది." తర్వాత, "పిల్లకు జోలపాట వచ్చా నీకు?" అంది.

"నాకెక్కడొచ్చే, నీకే గద వచ్చు," అంది సావిత్రి. చెంగుతో ముక్కు తుడుచుకుని కొంచెం గట్టిగా అంది: "పొద్దున మొదటి బస్సుకు రా. పిల్ల వచ్చేసరికి గడపల ఉండాలె. పట్టుచీర కట్టుకురా, చిరిగిందో లేదో నేను సూస్త."

ఫోన్ పర్వతాలు చేతికి వచ్చేసరికి వేడెక్కి పెసరట్టు వేయొచ్చన్నట్టు ఉంది. సావిత్రి తన ఫోన్ తీసి మనీషాకు కలిపింది. ఏమీ మాట్లాడకుండా దాన్ని ఏసీ ముందు పట్టుకుంది. తర్వాత చెవిలో పెట్టుకుని, "విన్నావుగా," అంది. కోదాడ ఇస్త్రీ తిరిగి వచ్చింది. "మీ అత్తగారికి చెప్పు, కారు పంపొద్దని. కావాలంటే ఆవిడే వచ్చి చూసి వెళ్ళమను."

మర్నాడు తల్లీబిడ్డా ఆటోలో దిగారట. సావిత్రి, ఉమారాణి చెరోవైపూ నిలబడి దిష్టి తీశారట. ముందు ఎవరు తియ్యాలన్నది తేలక, ఇద్దరూ ఒకేసారి తీశారు. పాపను ఏసీ గదిలో ఉయ్యాలలో వేశారు. ఆ పిల్ల ఒకే ఒక్కసారి తుమ్మింది. అంతే, ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడి ఉయ్యాలను హాల్లోకి మార్పించారు. ఏసీ అని అంత పట్టుపట్టిన మనీషా, పిల్ల ఎక్కడుంటే తనూ అక్కడే అని పరుపు హాల్లో వేయించుకుంది. వాళ్ళకు గాలి తగిలేలా ఏసీ గది తలుపు ఓరగా తీసి ఉంచారు. ఏసీ గదిలో మాత్రం అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ మంచమెక్కారు. మిర్యాలగూడ ఎప్పుడు తిరిగి వెళ్తుందో ఉమారాణి చెప్పలేదు, సావిత్రి అడగలేదు.

ఇదంతా పర్వతాలుకు తెలిసింది, వారం తిరక్కుండానే మళ్ళీ ఫోన్ రావడం వల్ల. నేను దుకాణంలోనే ఉన్నాను. సాలమ్మ జాలీ దువ్వుతోంది.

"చల్లదనం పెంచి తగ్గించే గుండీ ఊడొచ్చింది, పర్వతాలూ," అంది సావిత్రి.

"గుండీ ఎందుకు ఊడుతదక్కా?"

"ఇది రాత్రంతా అటు తిప్పుతోంది."

"ఆమె ఇటు తిప్పుతున్నది," అంది వెనక నుంచి ఉమారాణి. "చివరికి ఊడబీకింది ఎవరో అడుగు."

"నువ్వే వచ్చి తేల్చాలి, ఎవరు ఊడబీకారో."

పర్వతాలు నోరు తెరిచేలోపు అవతల, ఇంటి లోపలెక్కడో, సన్నగా పాప ఏడ్చింది. అక్కాచెల్లెళ్ళు ఫోన్ పెట్టేయడం కూడా మరిచి ఉరికిన చప్పుడు వినిపించింది. తర్వాత దూరంగా ఒక జోలపాట. దానికి కొంచెం ముందో వెనకో ఇంకో గొంతు, రాకపోయినా కలిసి పాడుతూ.

పర్వతాలు ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. అంతసేపు ఆయన మాట్లాడకుండా ఉండటం వింతగా తోచి సాలమ్మ దువ్వెన ఆపింది.

"ఏమైంది? ఏం వింటున్నవ్?"

ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు.

"మెల్లగ," అన్నాడు. "నిద్రపోతున్నది."